పాలగడ్డ అని పేరు పెట్టేముందు

బాలింత రొమ్ములో గడ్డ చేతికి తగిలితే చుట్టూ ఉన్నవాళ్లు ముందుగా అనే మాట, "పాలు గడ్డకట్టాయి, అదే పోతుందిలే" అని. చాలాసార్లు అది నిజమే. చూడకుండానే ఆ మాట అనేయడంతోనే చిక్కు.

గర్భం నిలిచిన తొలి వారాల నుంచే రొమ్ములో పని మొదలవుతుంది. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ప్రభావంతో పాలనాళాలు కొమ్మలు వేస్తాయి. ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోన్ వల్ల పాలు తయారయ్యే బుల్లి తిత్తులు గుత్తులుగా పెరుగుతాయి. పాల హార్మోన్ ప్రొలాక్టిన్ వాటిని పాలకు సిద్ధం చేస్తుంది. రొమ్మంతా బిగిసి, ఎక్కడ తడిమినా గడ్డలే అనిపించే ఆ రోజుల్లో అసలు గడ్డ ఏదో పోల్చుకోవడం డాక్టరుకీ తేలిక కాదు.

కొన్ని గడ్డలు ముందునుంచీ ఉన్నవే. క్యాన్సర్ కాని ఫైబ్రోఎడినోమా అనే గడ్డ అలాంటిది. గర్భంలో హార్మోన్ల వల్ల అది పెరుగుతుంది, ఒక్కోసారి దానికి రక్తం చాలక లోపలి కణజాలం చచ్చి నొప్పి పెడుతుంది. లాక్టేటింగ్ ఎడినోమా అనే మరో క్యాన్సర్ కాని గడ్డ మాత్రం గర్భం చివరి నెలల్లోనో, పాలిచ్చే రోజుల్లోనో పుట్టి, పాలు మాన్పించాక చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. నాళం మూసుకుపోయి పాలు సంచిలా నిలిచిపోతే అది గెలాక్టోసీల్. సూదితో తీస్తే పాలే వస్తాయి. అంటే పరీక్షా, చికిత్సా ఒకే పోటుతో అయిపోతాయన్నమాట. మళ్లీ నిండే అవకాశమూ ఉంది.

కాన్పయిన కొద్ది రోజులకు చంకలో వాపు వచ్చి హడలిపోయేవాళ్లూ ఉంటారు. పిండంలో చంక నుంచి గజ్జ దాకా రొమ్ము కణజాలం పుట్టే ఒక పాలరేఖ ఏర్పడి, తర్వాత చాలావరకు మాయమవుతుంది. చంకలో దాని తునక మిగిలితే, పాలు పడే వేళకు అదీ ఉబ్బుతుంది.

ఎరుపు, సలపరం, జ్వరం తోడైతే పాలరొమ్ము వాపు అనుకోవాలి. గట్టిగా పిసికి పాలు పిండెయ్యాలన్నది పాత సలహా. కానీ నాళాల చుట్టూ కణజాలం వాచడం వల్లే దారి ఇరుకవుతుంది. పిసికితే ఆ వాపు ఇంకా పెరుగుతుంది. బిడ్డకు అవసరమైనదాని కన్నా ఎక్కువ పిండితే పాలూ ఎక్కువే ఊరతాయి. అందుకే 2022లో అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ అనే వైద్యుల సంస్థ చల్లటి కాపడం, వాపు తగ్గించే మందులు, మామూలుగానే పాలివ్వడం మేలని మార్గదర్శకాలు ఇచ్చింది. చీము పడితే మాత్రం సూదితోనో, గొట్టం పెట్టో తీయించాలి. అప్పుడూ సాధారణంగా పాలు మాన్పించనక్కర్లేదు.

గర్భిణుల్లో, బాలింతల్లో గడ్డల్లో అత్యధికం క్యాన్సర్ కానివే. సుమారు 3,000 గర్భాల్లో ఒకదానిలో రొమ్ము క్యాన్సర్ కనిపిస్తుందని అంచనా. అరుదే, కానీ "పాలు మాన్పించాక చూద్దాం" అంటూ నెలలు గడపడం వల్లే అది ఆలస్యంగా బయటపడుతుంది. గడ్డ రెండు వారాలకీ తగ్గకపోయినా, పాలిచ్చాక కూడా అలాగే గట్టిగా ఉన్నా, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా చూపించుకోవాలి. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు, గర్భంలోనూ నిక్షేపంగా చేయించుకోవచ్చు. అవసరమైతే గడ్డలోంచి సూదితో చిన్న ముక్క కూడా పరీక్షకు తీస్తారు. ఆ చోటి నుంచి పాలు కారడం అరుదు.

స్కానింగ్‌కు కాస్త ముందుగా బిడ్డకు పాలిచ్చి వెళ్తే రొమ్ము మెత్తబడి, లోపల ఏముందో తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది.