గడ్డ తీసేశారు, మరి మిగిలిన లివర్ సంగతి?

గడ్డ మూడు సెంటీమీటర్లే. లివర్ క్యాన్సర్‌ను తొలిదశలోనే పట్టుకున్నారు, ఆపరేషన్ బాగా జరిగింది. రెండేళ్లకు స్కానింగ్‌లో మరో గడ్డ కనిపించింది. "అంతా తీసేశామన్నారు కదా, మళ్లీ ఎలా వచ్చింది?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఇది అరుదుగా జరిగేదేమీ కాదు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో అయిదేళ్లలోపు 70 శాతం దాకా ఈ జబ్బు తిరగబెట్టవచ్చు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

సర్జన్లకు మొదట్లో భయమంతా రక్తం గురించే. 1888లో జర్మనీకి చెందిన కార్ల్ లాంగెన్‌బుక్ ఒక మహిళ లివర్‌లో కొంత భాగం కోసి తీశాడు. కొన్ని గంటలకే లోపల రక్తం కారుతోందని మళ్లీ పొట్ట తెరవాల్సి వచ్చింది. ఆమె బతికింది. 1908లో గ్లాస్గో సర్జన్ జేమ్స్ హోగార్త్ ప్రింగిల్, లివర్‌లోకి రక్తం తెచ్చే నాళాలను కాసేపు నొక్కిపట్టే ఉపాయం చెప్పాడు. అది ఇప్పటికీ వాడుకలో ఉంది. 1950లలో ఫ్రాన్స్‌లో క్లాడ్ కుయినో లివర్‌ను రక్తనాళాల అమరికను బట్టి ఎనిమిది భాగాలుగా చూపించాక, ఎక్కడ కోయాలో సర్జన్లకు ఒక పటం దొరికినట్టయింది.

ఆ పటాన్ని క్యాన్సర్‌కు బాగా వాడుకున్నవాడు జపాన్ సర్జన్ మసతోషి మకూచి. ఈ క్యాన్సర్ కణాలు, పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిర కొమ్మల వెంట పాకుతాయి. అందుకే 1980లలో ఆయన ఆపరేషన్ బల్ల మీదే అల్ట్రాసౌండ్‌తో చూస్తూ, గడ్డతో పాటు ఆ కొమ్మ రక్తం అందించే భాగాన్నంతా తీసే పద్ధతి తెచ్చాడు. తీసిన ముక్కను మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు సన్నని రక్తనాళాల్లో క్యాన్సర్ కణాలు కనిపిస్తే, గడ్డ చిన్నదైనా తిరగబెట్టే ముప్పు ఎక్కువ. బయాప్సీ రిపోర్టులో చాలామంది దాటేసే వాక్యం ఇదే. దాని గురించి డాక్టరును అడగాలి.

ఇంత జాగ్రత్తగా కోసినా కొందరు నిలవలేదు. కారణం మిగిలిన లివర్‌లో ఉంది. ఈ క్యాన్సర్ ఎక్కువగా అప్పటికే సిరోసిస్‌తో గట్టిపడిన లివర్‌లో పుడుతుంది. 1999లో బార్సిలోనా వైద్యులు ప్రచురించిన లెక్క నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. పోర్టల్ సిరలో ఒత్తిడి పెరగనివాళ్లలో ఆపరేషన్ తర్వాత అయిదేళ్లు బతికినవారు 74 శాతం. ఆ ఒత్తిడితో పాటు, కామెర్లలో రక్తంలో పెరిగే బిలిరుబిన్ కూడా పెరిగినవాళ్లలో 25 శాతమే. ప్లేట్‌లెట్లు తగ్గడం, ప్లీహం పెరగడం, ఎండోస్కోపీలో అన్నవాహికలో ఉబ్బిన సిరలు కనిపించడం ఈ ఒత్తిడికి గుర్తులు.

జబ్బుపడిన లివర్‌నే మార్చేస్తే? ఒకే గడ్డ 5 సెంటీమీటర్లలోపు, లేదా మూడు గడ్డల దాకా ఒక్కొక్కటి 3 సెంటీమీటర్లలోపు ఉన్నవాళ్లకు మార్పిడి చేసి చూశారు మిలాన్‌లో మజాఫెరో బృందం. నాలుగేళ్ల తర్వాత 75 శాతం మంది బతికే ఉన్నారని 1996లో ప్రకటించారు. ఆ కొలతలే మిలాన్ నిబంధనలు. అయితే దాత దొరకాలి కదా.

లివర్‌ను పాడుచేసేవాటిలో ముఖ్యమైనది హెపటైటిస్ బి. తైవాన్‌లో 22,707 మంది మగవాళ్లను గమనించిన బీస్లీ బృందం, ఈ వైరస్ ఉన్నవాళ్లకు లివర్ క్యాన్సర్ ముప్పు రెండు వందల రెట్లకు పైగా ఉందని 1981లో తేల్చింది. 1997లో హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ ఈ వైరస్‌కు చవకగా టీకా తెచ్చింది. దాని విలువ క్యాన్సర్ వైపు నుంచి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. వైరస్ ఇప్పటికే ఉన్నవాళ్లకు టీకా పనిచేయదు, మాత్రలే దిక్కు. ఆపరేషన్ తర్వాత ఆ మాత్రలు వాడినవాళ్లలో క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గిందని 2012లో తైవాన్ అధ్యయనం చూపింది.

తిరగబెట్టకుండా క్యాన్సర్ మందులూ ప్రయత్నించారు. లివర్ క్యాన్సర్‌కు వాడే సొరాఫెనిబ్ మాత్ర ఇందుకు ఉపయోగపడలేదని 2015లో తేలింది. 2023లో రెండు ఇంజెక్షన్ల జోడీ మీద ఆశ పుట్టింది కానీ ఆ మేలు నిలబడలేదు. అందుకే ఆపరేషన్ అయ్యాక తొలి రెండేళ్లు కొన్ని నెలలకోసారి స్కానింగ్, లివర్ క్యాన్సర్ జాడ తెలిపే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష చేయిస్తారు. బి వైరస్ ఉంటే మాత్రలు రోజూ వేసుకోవాలి, మద్యం ముట్టకూడదు. ఒంట్లో బాగుందనిపించి మాత్రలు ఆపేస్తే వైరస్ మళ్లీ విజృంభిస్తుంది, దాని దెబ్బ ఆ మిగిలిన కాస్త లివర్ మీదే పడుతుంది.