టెన్షనా, హుషారా? ఒంటికి తేడా తెలియదు

టెక్సాస్‌లో సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో ఒక శుక్రవారం ఏదైనా హైస్కూలు కారిడార్‌లో నడిస్తే ముందు వినిపించేది చిరుగంటల చప్పుడు. అమ్మాయిల ఛాతీ మీద పళ్లెమంత బట్ట చామంతి, దాని నుంచి మోకాళ్ల దాకా వేలాడే రిబ్బన్లు, గంటలు, బుల్లి టెడ్డీబేర్లు, కొన్నిటికి బ్యాటరీ లైట్లు కూడా. దీన్ని అక్కడ 'మమ్' అంటారు. ఒకప్పుడు నిజమైన చామంతి పువ్వే పెట్టుకునేవాళ్లు, పోటీలు పడి ఇంత చేశారు. అబ్బాయిలైతే దీన్నే కాస్త చిన్నగా చేసి 'గార్టర్' పేరుతో జబ్బకు కట్టుకుంటారు.

ఆ రోజు హోమ్‌కమింగ్, అంటే పాత విద్యార్థులను తిరిగి పిలిచే బడి వేడుక. రాత్రికి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్, సాధారణంగా దాని మధ్యలోనే విద్యార్థులు ఓట్లేసి ఎన్నుకున్న కింగ్, క్వీన్ ఎవరో చెప్పడం, చాలాచోట్ల మర్నాడు రాత్రి డాన్స్. ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో తెలుగువాళ్ల ఇళ్లలోనూ ఆ వారం ఇవే మాటలు: డ్రెస్సు, ఫొటోలు, ఎవరెవరు కలిసి వెళ్తున్నారు, ఇంటికి ఎన్నింటికి రావాలి.

నిజానికి ఈ పండుగ బడిపిల్లల కోసం పుట్టలేదు. 1911లో మిస్సోరీ యూనివర్సిటీ, కాన్సస్‌తో మ్యాచ్‌కి పాత విద్యార్థులందర్నీ రమ్మని పిలిచింది. ఆ మ్యాచ్ 3-3తో డ్రా అయింది. అంతకు ముందే, 1909లో బేలర్, 1910లో ఇల్లినాయ్ మొదలుపెట్టాయని అక్కడివాళ్లు అంటారు, ఆ గొడవ ఇంకా తేలలేదు. తర్వాత హైస్కూళ్లు దీన్ని అందిపుచ్చుకున్నాయి. ఇప్పుడు పాత విద్యార్థులు ఒక పక్కన కూర్చుంటే, అసలు వేడుకంతా పదిహేను, పదహారేళ్ల పిల్లలదే. దడ కూడా వాళ్లదే.

ఆ దడ ఎక్కణ్ణుంచి వస్తుంది? మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు రక్తంలోకి అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. జీర్ణాశయం వైపు వెళ్లే రక్తం తగ్గి కండరాలకు ఎక్కువగా మళ్లుతుంది, కడుపులో ఏదో తిప్పినట్టు ఉండటానికి అదొక కారణం. అరచేతులకు చెమట పడుతుంది. పేరు పిలుస్తారేమోనని మైదానంలో నిలబడ్డ అమ్మాయికీ, లెక్కల పరీక్ష హాలు బయట నిలబడ్డ అమ్మాయికీ ఒంట్లో జరిగేది దాదాపు ఒకటే. దానికి భయమని పేరు పెట్టాలా, సంబరమని పేరు పెట్టాలా అన్నది చాలావరకు మెదడు చుట్టూ చూసి తేల్చుకుంటుంది.

ఈ తేల్చుకోవడంలో మెదడు పొరబడుతుందని 1974లో డటన్, ఆరన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు చూపించారు. కెనడాలో వాంకూవర్ దగ్గర కాపిలానో అనే వేలాడే వంతెన ఉంది, కిందికి చూస్తే 70 మీటర్ల లోతు. దాని మీద ఒక యువతి మగవాళ్లను ఆపి కొన్ని ప్రశ్నలడిగి ఫోన్ నంబరు ఇచ్చింది. గట్టి వంతెన మీద కలిసినవాళ్ల కంటే ఈ ఊగే వంతెన మీద కలిసినవాళ్లే ఎక్కువమంది తర్వాత ఫోన్ చేశారు. భయంతో వచ్చిన దడను ఆకర్షణ అనుకున్నారన్నమాట. ప్రయోగం చిన్నది, దాని అర్థం మీద వాదాలూ జరిగాయి. అయినా స్టేడియంలో గొంతు పోయేలా అరిచి వచ్చిన పిల్లలు పక్కనున్నవాళ్ల మీద హఠాత్తుగా ప్రేమ పుట్టిందని చెబితే, ఒకరోజు ఆగి చూడమనడం తప్పు కాదు.

డాన్స్ కంటే డాన్స్ ముందు వారమే ఎందుకంత ఉద్వేగంగా ఉంటుందో కోతులు చెప్పాయి. 2003లో మెదడు శాస్త్రవేత్త వోల్ఫ్‌రామ్ షుల్జ్ బృందం కోతులకు ఒక బొమ్మ చూపించి, కాసేపటికి రసం ఇచ్చేది. కొన్ని బొమ్మల తర్వాత రసం ఖాయం, కొన్నిటి తర్వాత అసలు రాదు, కొన్నిటికి సగం సగం. ఎదురుచూసే ఆ కాసేపట్లో, మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాల హడావుడి క్రమంగా పెరిగింది. అది అన్నిటికంటే ఎక్కువ పెరిగింది వస్తుందో రాదో తెలియని సగం సగం సందర్భంలోనే. 'నాతో హోకోకి (హోమ్‌కమింగ్‌కి) వస్తావా' అని అట్ట మీద రంగులతో రాసి పట్టుకుని నిలబడ్డ కుర్రాడి పరిస్థితి సరిగ్గా అదే.

దీనికి తోడు అందరూ చూస్తున్నారన్న భావన ఒకటి. 2013లో లియా సోమర్‌విల్ బృందం కొందర్ని మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, కెమెరా వెలిగినప్పుడు మీ వయసువాళ్లొకరు మిమ్మల్ని చూస్తుంటారని చెప్పింది. నిజానికి ఎవరూ చూడలేదు. ఆ మాటకే టీనేజర్ల చర్మానికి చెమట పట్టడం చిన్నపిల్లలకంటే, పెద్దలకంటే ఎక్కువగా కనిపించింది. మన గురించి మనం ఆలోచించుకునేటప్పుడు పనిచేసే మెదడు ముందరి భాగం కూడా బాగా చురుకైంది. ఇంకో పక్క, 2000లో కార్నెల్ యూనివర్సిటీలో మనస్తత్వవేత్త గిలోవిచ్ బృందం చేసిన పరీక్షలో, సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్టు వేసుకున్న విద్యార్థులు గదిలో సుమారు సగంమంది గమనించి ఉంటారని అనుకున్నారు. నిజంగా గమనించింది అందులో సగమే. (ఒంటి నిండా గంటలు కట్టుకుని తిరిగే టెక్సాస్ పిల్లలకు ఈ ఓదార్పు పనికిరాదని ఒప్పుకోవాలి.)

ఇక తల్లిదండ్రుల సంగతి. కారు దిగే ముందు మన నోట వచ్చే మాట 'టెన్షన్ పడకు'. అది అంత మంచి సలహా కాదు. 2014లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన అలిసన్ వుడ్ బ్రూక్స్ కొందరితో అపరిచితుల ముందు కరోకీ పాడించారు. పాడబోయే ముందు 'నాకు భయంగా ఉంది' అని చెప్పినవాళ్లకు పాట కచ్చితత్వంలో సుమారు 53 శాతం, ఏమీ అననివాళ్లకు 69, 'నాకు హుషారుగా ఉంది' అన్నవాళ్లకు 81 శాతం మార్కులు యంత్రమే వేసింది. హుషారు అన్నవాళ్ల గుండె మాత్రం నెమ్మదించలేదు. దడదడలాడే గుండెను ప్రశాంతం చేయాలంటే ఒంటినీ మనసునూ రెండిటినీ మార్చాలి. హుషారు అనుకోవడానికి పేరు ఒక్కటి మారిస్తే చాలు. కాబట్టి 'ఎంత సరదాగా ఉండబోతోందో' అనడమే మేలు. పదిమందిలోకి వెళ్లాలంటేనే నెలల తరబడి వణికిపోయే పిల్లలకు మాత్రం ఈ చిట్కా సరిపోదు, వాళ్లను కౌన్సెలర్‌కో డాక్టర్‌కో చూపించాలి.

డాన్స్ నుంచి రాత్రి పదకొండు దాటాక వచ్చిన పిల్లలకు వెంటనే నిద్ర పట్టదు. ఆ హడావుడి చల్లారడానికి సమయం పడుతుంది, పైగా ఆ వయసులో నిద్ర హార్మోన్ మెలటోనిన్ రాత్రిళ్లు ఆలస్యంగా మొదలవుతుంది. ఎలా జరిగిందో తెలుసుకోవాలంటే అప్పుడే అడగాలి. ఆదివారం మధ్యాహ్నం అడిగితే 'బానే ఉంది' అంటారు, అంతే.