పెయింటర్ తల దిమ్ము వెనుక వందేళ్ల కథ

తలుపులకు ఎనామిల్ వేసిన రోజు రాత్రి ఆ గదిలో ఎవరూ పడుకోరు. పిల్లల్ని మేడ మీదికి పంపేస్తాం. వాసన పోవడానికి రెండు రోజులు పడుతుందిలే అనుకుంటాం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ వాసనలోనే ఉన్న మనిషి గురించి మాత్రం ఆలోచించం. గోడ బీరువా లోపలి అరలకు రంగు వేసేటప్పుడు అతను నడుము దాకా అందులోకి దూరతాడు. తడి రంగు మీద దుమ్ము పడుతుందని ఫ్యాన్ ఆపేసి, కిటికీలు మూసేస్తారు. పని అయ్యాక టర్పెంటైన్‌లో గుడ్డ ముంచి చేతులు తుడుచుకుంటాడు. తల దిమ్ముగా ఉందంటూ చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకుంటాడు. ఊపిరితిత్తుల్లోంచి రక్తంలో కలిసిపోయిన ఆవిరిని బెల్లం ఏమీ చేయలేదు.

ఆ టర్పెంటైన్ డబ్బాలో ఉన్నదేమిటో ముందు చూద్దాం. టర్పెంటైన్ అంటే అసలు పైన్ చెట్ల జిగురు నుంచి తీసే నూనె. 19వ శతాబ్దం చివరి నుంచి ముడిచమురులోంచి వచ్చే, రంగును పలచన చేసే చవక ద్రావకం మెల్లగా దాని చోటు ఆక్రమించింది. బ్రిటన్‌లో దాన్ని వైట్ స్పిరిట్ అన్నారు. మన రిఫైనరీలు మినరల్ టర్పెంటైన్ ఆయిల్, పొట్టిగా ఎంటీఓ అంటాయి. చెట్టు పోయినా పేరు మాత్రం మిగిలింది.

అమెరికాలో ఇదే ద్రావకానికి ఇంకో పేరుంది, స్టాడర్డ్ సాల్వెంట్. అక్కడి డ్రైక్లీనింగ్ షాపుల్లో మొదట పెట్రోల్ లాంటి వాటితోనే బట్టలు ఉతికేవాళ్లు. చిన్న నిప్పురవ్వ పడినా షాపు మొత్తం తగలబడేది. అట్లాంటాలో డ్రైక్లీనింగ్ వ్యాపారం చేసే స్టాడర్డ్ అనే ఆయన 1924లో మెలన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులతో కలిసి అంత తేలిగ్గా అంటుకోని ద్రావకం కోసం వెతికాడు. దాదాపు 38 డిగ్రీల సెల్సియస్ దాటితే తప్ప దాని ఆవిరి నిప్పందుకోదు. 1928లో అమెరికా వాణిజ్య శాఖ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. ఎన్నో ప్రాణాలు కాపాడిన పని అది, అందులో సందేహం లేదు. అయితే ఆ రోజుల్లో ద్రావకం విషయంలో భద్రత అంటే మంట రాకపోవడమే. ఏళ్ల తరబడి పీల్చే మనిషి సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

పీల్చే మనిషిని పట్టించుకోకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పెయింటర్ జబ్బు అనగానే డాక్టర్లకు అప్పట్లో సీసమే గుర్తొచ్చేది. ఇళ్ల లోపల వేసే రంగుల్లో తెల్ల సీసం వాడకూడదని 1921లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేసింది. సీసం తగ్గితే పెయింటర్ గండం గడిచినట్టే అనిపించింది. రంగును పలచన చేసే ద్రావకం మీద ఎవరి కన్నూ పడలేదు.

కన్ను పడింది 1970లలో, స్కాండినేవియాలో. పడిన తీరు గమనించదగ్గది. స్వీడన్‌లో అప్పట్లో ఒళ్లు సహకరించక, మనసు సహకరించక పని మానేసిన కార్మికుడికి వయసు రాకముందే పింఛను ఇచ్చేవారు. ఎవరికి, ఏ కారణంతో ఇచ్చారో రికార్డుల్లో ఉండేది. పరిశోధకుడు ఓలావ్ ఆక్సెల్సన్ బృందం ఆ రికార్డులు తిరగేసి 1976లో ఫలితాలు ప్రచురించింది. మానసిక, నరాల సమస్యలతో పింఛనుకు వెళ్లే ముప్పు మిగతా నిర్మాణ కార్మికుల కన్నా పెయింటర్లు, వార్నిష్ వేసేవాళ్లు, కార్పెట్లు అతికించేవాళ్లలో దాదాపు రెట్టింపు ఉందని తేలింది. మూడు పనుల్లోనూ ఉన్నది ద్రావకమే.

1979లో కోపెన్‌హాగెన్ డాక్టర్లు 70 మంది పెయింటర్లను పరీక్షించి ఆ జబ్బును వివరించారు. మరుసటి ఏడాది సిగుర్డ్ మికెల్సన్ అనే పరిశోధకుడు అదే నగరంలో 2,601 మంది పెయింటర్లను, 1,790 మంది తాపీ మేస్త్రీలను పక్కపక్కన పెట్టి చూశాడు. ఇద్దరూ ఒకే కట్టడంలో, ఒకే చలిలో పని చేసేవాళ్లే. తేడా ఊపిరిలో. వయసు మీరకముందే డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు వచ్చి పనికి దూరమయ్యే ముప్పు పెయింటర్లలో మూడు రెట్లకు పైనే కనిపించింది.

ఈ జబ్బు నాటకీయంగా రాదు. మొదట్లో తలనొప్పి, మత్తు, వికారం. ఆదివారం పని లేకపోతే తగ్గిపోతాయి. ఏళ్లు గడిచాక తగ్గడం మానేస్తాయి. తెచ్చుకోవాల్సిన సామాన్లు గుర్తుండవు. చదువుతున్న పేపర్ మీద దృష్టి నిలవదు. ఊరికే చిరాకు, ఎప్పుడూ అలసట, పట్టలేని దిగులు. ఇంట్లోవాళ్లకు మనిషి మారిపోయాడని అర్థమవుతుంది, ఎందుకో తెలియదు. తాగుడు వల్లనో, వయసు వల్లనో, బద్ధకం వల్లనో అనుకోవడం చాలా తేలిక. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. జబ్బు చేసిన మనిషికి జబ్బు అన్న మాట కూడా దక్కలేదు.

ద్రావకం కొవ్వును కరిగిస్తుంది, కొవ్వులో తేలిగ్గా ఇమిడిపోతుంది. మెదడులో కొవ్వు ఎక్కువ. ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి మూసిన గదిలో, బీరువా అడుగున నిలిచిపోతుంది. పైగా ముక్కు కాసేపటికే ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. "నాకు వాసనే తెలియడం లేదు" అని పెయింటర్ అంటే గదిలో ఆవిరి తగ్గిందని అర్థం కాదు.

1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోపెన్‌హాగెన్‌లో నిపుణులను కూర్చోబెట్టి ఈ జబ్బును తీవ్రతను బట్టి వర్గీకరించింది. వాదన మాత్రం ఆగలేదు. 1988లో డెన్మార్క్ పరిశోధకులే పాత రోగుల పరీక్షలను మళ్లీ లెక్కించారు. చదువు, తెలివితేటలు సమానంగా ఉన్నవాళ్లతో పోలిస్తే తేడా చాలావరకు కనిపించలేదన్నారు. తాగుడు ప్రభావాన్ని ఎలా విడదీయాలన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. ఎంత మోతాదుకు ఎంత నష్టం అన్నది తేల్చడం కష్టం. కానీ ఆ లెక్క తేలేదాకా పెయింటర్‌ను మూసిన గదిలో ఉంచడాన్ని నేను ఒప్పుకోలేను.

దేశాలు కూడా ఒకేలా ఒప్పుకోలేదు. పనిచోట గాలిలో ఈ ఆవిరి ఎంతవరకు ఉండవచ్చు అంటే అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా చెప్పే చట్టబద్ధ హద్దు 500 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 500 పాళ్లు. అదే దేశంలోని నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ సలహా 100. డెన్మార్క్ హద్దు 25. ఒకే ద్రావకం, అదే ఊపిరితిత్తులు, ఇరవై రెట్ల తేడా.

డెన్మార్క్ అంతటితో ఆగలేదు. 1982 నుంచి రంగు డబ్బాలకు కోడ్ నంబర్లు పెట్టింది. గీతకు ముందున్న అంకె పీల్చడం వల్ల వచ్చే ప్రమాదాన్ని, తర్వాతి అంకె చర్మానికి తగిలితే వచ్చే ప్రమాదాన్ని చెబుతుంది. అంకెను బట్టి మాస్క్, గ్లోవ్స్ ఏవి కావాలో తేలుతుంది. తక్కువ అంకె ఉన్న రంగుతో పని అయిపోయేటప్పుడు ఎక్కువ అంకె రంగు వాడకూడదు. అలా నీటితో కలిపే రంగులు పుంజుకున్నాయి. 2000లో నెదర్లాండ్స్ కూడా ఇళ్ల లోపల వృత్తి పెయింటర్లు ద్రావకం ఎక్కువున్న రంగులు వాడకుండా నిబంధన తెచ్చింది.

మన దగ్గర భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, పనిచోట గాలిలో విషపదార్థాలకు హద్దులు చేర్చారు. ఫ్యాక్టరీ గోడల లోపలి వరకే అది. బీరువాలోకి దూరిన పెయింటర్ పని చేసేది ఇంట్లో. మేస్త్రీ పిలిస్తే వస్తాడు, రోజు కూలీ తీసుకుంటాడు, చేతకాకపోతే మానేస్తాడు. ఏ జబ్బుతో మానేశాడో రాసుకునే పింఛను రికార్డు లేదు. ఆక్సెల్సన్ లాంటివాళ్లు ఇక్కడికి వచ్చినా తిరగేయడానికి పుస్తకమే దొరకదు.

గోడలకైతే సున్నం పోయి, డిస్టెంపర్ పోయి, నీటితో కలిపే ఎమల్షన్ వచ్చింది. తలుపులు, గ్రిల్స్, బీరువాల దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ ఎక్కువగా ఎనామిలే, పక్కన టర్పెంటైనే. వాటికి కూడా నీటి ఎనామిల్ దొరుకుతుంది, కాస్త ధర ఎక్కువ. ఏది తేవాలో చెప్పేది పెయింటర్ కాదు, ఇంటాయన. టర్పెంటైనే తెస్తే దాని మీద ముందు కనిపించేది, 1924లో స్టాడర్డ్ భయపడిన మంట బొమ్మే.