వైజాగ్‌లో బాయ్స్ స్కూల్ సంప్రదాయం ఎక్కడ మొదలైంది

పాత బాయ్స్ స్కూళ్ళలో అమ్మాయిల్ని కూడా చేర్చుకోవాలి అనే మాట వస్తే చాలు, సంప్రదాయం పోతుందని బాధపడేవాళ్ళు ఒకపక్క, ఈ కాలంలో మగపిల్లలకి విడిగా బడేంటి అనేవాళ్ళు ఇంకోపక్క. అసలు ఆ బళ్ళు అలా ఎందుకు పుట్టాయన్నది మాత్రం ఎవరూ ఎత్తరు. మన ఊళ్ళో బాగా పాత బళ్ళలో ఒకటైన సెయింట్ అలోషియస్ సంగతి చూస్తే అది కొంత తెలుస్తుంది.

1838లో ఆల్ప్స్ కొండల దగ్గర అన్నెసీ అనే ఊళ్ళో సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరుమీద ఒక మిషనరీ సంఘం మొదలైంది. ఆ ఊరు అప్పటికింకా ఫ్రాన్స్‌లో లేదు, సార్డీనియా రాజు కింద ఉండేది, 1860లో కలిసింది. ఆ సంఘం ఫాదర్లు 1845లో ఓడెక్కి పాండిచ్చేరిలో దిగి 1846కి మన తీరం చేరారు, 1847లో స్కూలు పెట్టేశారు. అప్పటికి ఇక్కడ రైలు లేదు, హార్బర్ లేదు (అది 1933లో), యూనివర్సిటీ మాట అటుంచండి, బీచ్ రోడ్డు కూడా లేదు. ఊరంటే ఇప్పుడు మనం వన్ టౌన్ అంటున్న ఆ ఇరుకు వీధులే, కోట, సోల్జర్‌పేట, రేవు, అంతే. సోల్జర్‌పేట పేరులోనే ఉంది కదా అక్కడ ఎవరుండేవారో, కంపెనీ సైన్యంలో పనిచేసినవాళ్ళు, వాళ్ళ కుటుంబాలు, ఆ పిల్లలకి చదువు కావాలి.

ఫాదర్లు మగపిల్లలకి చెప్పేవారు, ఆడపిల్లల చదువు సిస్టర్ల పని, ఆనాటి క్యాథలిక్ మిషన్ల పద్ధతే అది. అదే అన్నెసీ నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు 1849లో యానాంలో దిగారు, తర్వాత వైజాగ్‌లో ఆడపిల్లలకి బడి వాళ్ళే నడిపారు. అంటే అబ్బాయిలు విడిగా ఉంటేనే బాగా చదువుతారని ఎవరో తేల్చి పెట్టిన బడి కాదిది, చెప్పేవాళ్ళు అలా రెండు జట్లుగా ఉన్నారు కాబట్టి బళ్ళూ రెండయ్యాయి. ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ఇక నోబెల్ వచ్చిన సైంటిస్ట్ సి.వి. రామన్ సంగతి అందరికీ తెలిసిందే. 1892లో వాళ్ళ నాన్నగారికి మిసెస్ ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చి ఫ్యామిలీ ఇక్కడికి వచ్చింది, అబ్బాయిని అలోషియస్‌లో వేశారు, 11 ఏళ్ళకే మెట్రిక్ పాసయ్యాడు. గర్వపడాల్సిందే. కానీ ఆ ఒక్క పేరు చెప్పి ఆపేస్తే, తరతరాలుగా అక్కడ చదివి పోర్టులో, రైల్వేలో, టెలిగ్రాఫ్ ఆఫీసుల్లో చేరిన వేలమంది మామూలు పిల్లల కథ ఎవరు చెప్తారు చెప్పండి!

నాకు బాగా ముఖ్యమనిపించేది స్వాతంత్ర్యం తర్వాత జరిగింది. రాజ్యాంగంలో 337వ అధికరణం అని ఒకటుంది, ఆంగ్లో ఇండియన్ల (అంటే యూరోపియన్ మూలాలున్న ఇక్కడి కుటుంబాల) చదువుకి ఇచ్చే గ్రాంట్ల గురించి, అలోషియస్ కూడా ఆంగ్లో ఇండియన్ స్కూలే. 1948 మార్చి 31తో ముగిసిన ఏడాదికి ఎంత ఇచ్చారో మొదటి మూడేళ్ళు అంతే ఇవ్వాలి, తర్వాత ప్రతి మూడేళ్ళకీ 10 శాతం చొప్పున తగ్గించుకోవచ్చు, పదేళ్ళు నిండాక అంటే 1960కి ఆ ప్రత్యేక గ్రాంట్లు బంద్. ఇంకో షరతు, ఏటా అడ్మిషన్లలో కనీసం 40 శాతం సీట్లు ఇతర కమ్యూనిటీల పిల్లలకి అందుబాటులో ఉంచితేనే గ్రాంటు. అంటే దేశమంతా ఈ రకం స్కూళ్ళకి తలుపులు బార్లా తెరవమని రాజ్యాంగమే చెప్పింది. ఆ లోపు ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలామంది ఇంగ్లాండ్‌కీ ఆస్ట్రేలియాకీ వెళ్ళిపోతున్నారు, ఆ బెంచీల మీద మన పిల్లలే నిండారు.

తర్వాత ఊరే జరిగిపోయింది. మద్దిలపాలెం, ఎంవీపీ, ఇప్పుడు మధురవాడ దాకా. కురుపాం మార్కెట్ దగ్గర ట్రాఫిక్ దాటుకుని పొద్దున్నే పిల్లాడిని వన్ టౌన్‌కి పంపడం ఎవరికైనా కష్టమే, పైగా అన్నాచెల్లెళ్ళు ఒకే స్కూల్లో ఉంటే ఒకే ఆటో సరిపోతుంది. ఇంట్లో లెక్క ఇలా ఉంటే బాయ్స్ స్కూల్ అన్న బోర్డు ఒక్కటే అడ్మిషన్లు తేదు.

కాబట్టి ఏ పాత మిషన్ బాయ్స్ స్కూల్లోనైనా అమ్మాయిలు కూర్చుంటే ఏదో కూలిపోతుందని నేననుకోను. సోల్జర్ల పిల్లల కోసం పెట్టిన బళ్ళు రైల్వే గుమాస్తాల పిల్లల్ని చేర్చుకున్నాయి, ఆ తర్వాత ఊరందరినీ చేర్చుకున్నాయి, ప్రతిసారీ అప్పటిదాకా బయటున్న పిల్లలే లోపలికొచ్చారు.