తెర వేగం మార్చే ముందు

ప్రియమైన పిల్లలూ,

కొత్త మానిటర్ పెట్టె మీద 144 హెర్ట్జ్ అని ఉంది, లినక్స్‌లో మాత్రం 60 దాటడం లేదని రాశారు. ఎలా పెంచాలో చెప్తాను. కానీ అంతకంటే ముందు, తెర నల్లబడితే వెనక్కి ఎలా రావాలో మీకు తెలియాలి.

60 హెర్ట్జ్ అంటే తెర సెకనుకు 60 సార్లు బొమ్మను కొత్తగా గీస్తుంది. ఒక్కో బొమ్మకు దాదాపు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. 144 దగ్గర అది 7 కన్నా తగ్గుతుంది కాబట్టి కదలిక సాఫీగా కనిపిస్తుంది. తన వల్ల ఏయే రేట్లు (సెకనుకు ఎన్నిసార్లు గీయడం) అవుతాయో మానిటరే ఈడీఐడీ అనే సమాచారంగా కేబుల్ ద్వారా కంప్యూటర్‌కి చెబుతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మీకు కనిపించే జాబితాకు ఆధారం అదే. అందులో 144 లేకపోతే ముందు కేబుల్‌నీ, అది గుచ్చిన పోర్టునీ అనుమానించండి. ఉదాహరణకు హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కే తెరకు 30 హెర్ట్జ్ వరకే ఇవ్వగలదు. డిస్‌ప్లేపోర్ట్ ఉంటే అది వాడి చూడండి.

రేటు మార్చడానికి లినక్స్ డెస్క్‌టాప్‌లైన గ్నోమ్, కేడీఈల సెట్టింగ్స్ పేజీయే మంచిది. మార్చగానే 'ఇలాగే ఉంచమంటారా' అని అడుగుతుంది. తెర కనిపించక మీరు ఏమీ నొక్కకపోతే కొన్ని సెకన్లలో పాత రేటు దానంతట అదే వచ్చేస్తుంది. అందుకే కంగారుపడి పవర్ బటన్ నొక్కకండి, ఆగండి.

లినక్స్‌లో తెర మీద బొమ్మ చూపించే ఎక్స్11 అనే వ్యవస్థలో వాడే ఎక్స్‌రాండ్‌ఆర్ (xrandr) కమాండ్ ఇలా అడగదు, చెప్పింది చేసేస్తుంది. దాన్ని ఉత్తినే నడిపితే రేట్ల జాబితా వస్తుంది. నక్షత్రం (*) గుర్తు ఉన్నది ఇప్పుడు నడుస్తున్న రేటు, ప్లస్ గుర్తు ఉన్నది మానిటర్ ఇష్టపడేది. పాత రేటును కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత కొత్త రేటు పెట్టే కమాండ్, 15 సెకన్లు ఆగమనే స్లీప్ 15, పాత రేటుకి తెచ్చే కమాండ్, ఈ మూడింటినీ సెమికోలన్లతో కలిపి ఒకే వరసలో ఇవ్వండి. బొమ్మ బాగుంటే ఆ 15 సెకన్లలో కంట్రోల్-సీ నొక్కితే కొత్త రేటు నిలుస్తుంది. ఎక్స్‌రాండ్‌ఆర్ మార్పు లాగౌట్ అయితే పోతుంది, అది మన మంచికే. కొన్ని రోజులు వాడి చూశాకే, లాగిన్ కాగానే నడిచే స్టార్టప్ స్క్రిప్టులో పెట్టండి.

జాబితాలో లేని రేటును మనమే తయారుచేసి ఎక్కించే పద్ధతి కూడా ఉంది. నా మాట వింటే దాని జోలికి పోకండి. గాజు గొట్టం మానిటర్ల కాలంలో హద్దు దాటితే మానిటర్ పాడయ్యే ప్రమాదం నిజంగానే ఉండేది. ఇప్పటివి చాలావరకు 'అవుట్ ఆఫ్ రేంజ్' అని చూపించి ఊరుకుంటాయి. కొన్ని ఆ రేటుకి ఒప్పుకున్నట్టే ఒప్పుకుని మధ్యలో కొన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు, వదిలేస్తాయి. అప్పుడు అంకె పెరుగుతుంది గానీ కదలిక ఇంకా తడబడుతుంది.

లాగిన్ అయ్యాక కూడా తెర నల్లగానే ఉంటే టెన్షన్ పడకండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే మామూలుగా టెక్స్ట్ కన్సోల్, అంటే కమాండ్లు టైప్ చేసే అక్షరాల తెర, వస్తుంది. గ్నోమ్ అయితే అక్కడ లాగిన్ అయ్యి, మీ హోమ్ ఫోల్డర్‌లో దాగి ఉన్న కాన్ఫిగ్ (.config) ఫోల్డర్‌లోని మానిటర్స్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్ పేరు మార్చి, మళ్లీ స్టార్ట్ చేయండి.

ముందు కేబుల్ మార్చి, జాబితాలో ఏయే అంకెలు వచ్చాయో నాకు రాయండి.

ప్రేమతో,
తాతయ్య