మీకా ద్రోహి కాదు

ప్రియమైన పిల్లలకు,

నేను రాసిన ఏతాను కథ చదివి మీరు పంపిన ఉత్తరాలన్నీ చదివాను. వాటిలో చాలా వరకు మీకా మీద కోపంతో రాసినవే. "మీకా ప్రాణ స్నేహితుడు కదా, ఎవరికీ చెప్పనని మాట ఇచ్చాడు కదా, మరి ఏతాను వాళ్ళ నాన్నకు ఎందుకు చెప్పాడు? అది ద్రోహం కాదా?" అని నిలదీశారు. మీ కోపం నాకు నచ్చింది. స్నేహాన్ని గౌరవించేవాళ్ళకే అలాంటి కోపం వస్తుంది. అందుకే మీ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకుండా, కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను.

కథ ఇంకా చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. ఏతానుకు పన్నెండేళ్ళు. సండే స్కూలులో బైబిలు కంఠత వాక్యాలు తడుముకోకుండా అప్పజెబుతాడు. తరగతిలో అందరూ ఒక ఆన్‌లైన్ గ్రూపులో ఉన్నారు, తను మాత్రమే లేడు. "ఇంకా పసిపిల్లాడివా?" అని వెక్కిరిస్తే తట్టుకోలేక, పుట్టిన సంవత్సరం తప్పుగా చెప్పి ఖాతా తెరిచాడు. ఆ గ్రూపులో ఒక అమ్మాయి ఫోటోను వికారంగా మార్చి పెడితే, అందరితో పాటు తనూ నవ్వే బొమ్మ పెట్టాడు. ఇంకో వైపు, ఆన్‌లైన్ ఆటలో పరిచయమైన ఒక "పదమూడేళ్ళ కుర్రాడు" అతనికి ఆట నాణేలు బహుమతిగా ఇచ్చి దగ్గరయ్యాడు. తర్వాత ఒక ఫోటో అడిగాడు. ఆ తర్వాత బెదిరించాడు. ఆ సంగతినే మీకా ఏతాను నాన్నకు చెప్పాడు.

మొదట, చాలామంది అడిగిన ఇంకో ప్రశ్న: "అన్ని వాక్యాలు వచ్చిన అబ్బాయి ఎలా మోసపోయాడు?"

బైబిలులో యెహోషువ గ్రంథం తొమ్మిదవ అధ్యాయం తీసి చదవండి. గిబియోనీయులు ఇశ్రాయేలీయుల దగ్గరకు వచ్చినప్పుడు పాత గోనెలు, చినిగి కుట్టిన తిత్తులు, అతుకులు వేసిన చెప్పులు, ఎండి బూజు పట్టిన రొట్టెలు వెంట తెచ్చుకున్నారు. చాలా దూరదేశం నుంచి వచ్చామని చెప్పారు. ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ అనుభవం లేనివాడు కాదు. అతనితో ఉన్న పెద్దలు కూడా గుడ్డిగా నమ్మలేదు. మీరెవరు, ఎక్కడి నుంచి వచ్చారు అని అడిగారు. ఆహారం చూశారు. రొట్టె మీద బూజు నిజమే, చెప్పులు అరిగిన మాటా నిజమే. కళ్ళకు కనిపించినవన్నీ నిజం. వాటిని చూపించి చెప్పిన కథ మాత్రం అబద్ధం. దేవుని దగ్గర విచారణ చేయకుండానే, వాళ్ళను బ్రతకనిస్తామని ప్రమాణం చేశారని అక్కడ రాసి ఉంది. మూడు రోజుల తర్వాత తెలిసింది, వాళ్ళు పొరుగువాళ్ళేనని.

ఏతానుకు కనిపించినవి కూడా అలాంటివే. బడి దుస్తుల్లో ఒక కుర్రాడి ఫోటో ఉంది. అది నిజమైన ఫోటోయే, కాకపోతే వేరెవరిదో. పరీక్షల గురించి విసుగు, టీచరు మీద ఫిర్యాదు, అన్నీ పిల్లల మాటల్లాగే ఉన్నాయి. ఇప్పుడైతే గొంతును, కదిలే ముఖాన్ని కూడా కంప్యూటర్ తయారు చేయగలదు, కాబట్టి "వీడియోలో చూశాను" అన్నది కూడా రుజువు కాదు. గిబియోనీయులు ప్రాణభయంతో ఆ పని చేశారు. పిల్లల కోసం వల పన్నేవాళ్ళకు ఆ సాకు కూడా లేదు.

ఆ వల ఎలా అల్లుతారో మీకు విడమరచి చెప్పడం నా బాధ్యత. ముందు పొగడ్త ఉంటుంది, తర్వాత బహుమతి. ఆ తర్వాత మీ కష్టాలు ఓపికగా వింటారు. ఇంట్లో ఎవరూ వినని రోజున వినే మనిషి దొరికితే ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. సరిగ్గా ఆ హాయిని ఆసరా చేసుకునే "ఇక్కడ వద్దు, వేరే యాప్‌లో మాట్లాడుకుందాం" అంటారు. ఎందుకంటే ఆటలో ఇతర ఆటగాళ్ళ కళ్ళు ఉంటాయి, చెడ్డ మాటలను పట్టే ఏర్పాట్లు కొన్ని ఉంటాయి. వేరే చోట మీరిద్దరే ఉంటారు. అక్కడికి వెళ్ళాక "ఇది మన రహస్యం" అన్న మాట వస్తుంది. ఆ తర్వాత చిన్న కోరిక, అది తీరాక ఇంకొంచెం పెద్దది, చివరికి ఎవరికీ పంపకూడని ఫోటో. అది చేతికి అందాక ఆ తీయని గొంతు మారిపోతుంది. డబ్బు పంపు, గిఫ్ట్ కార్డు నంబర్లు పంపు, ఇంకో ఫోటో పంపు, లేకపోతే అందరికీ చూపిస్తాను అంటారు. ఇది అమ్మాయిలకే జరుగుతుందని మీలో కొందరు రాశారు. కాదు. మగపిల్లలను ఇలా బెదిరించి డబ్బు గుంజే ముఠాలు ఉన్నాయి. అందుకే కథలో కావాలనే అబ్బాయిని పెట్టాను.

కాసేపట్లో మాయమయ్యే సందేశాలను నమ్మవద్దు. అవతలి మనిషి ఇంకో ఫోనుతో ఫోటో తీసుకుంటే అవి ఎప్పటికీ మాయం కావు.

ఇక ఏతాను వయసు గురించి చెప్పిన అబద్ధం. "అందరూ అలాగే చేస్తారు, అదేం పెద్ద తప్పు?" అని ఒకరు రాశారు. చాలా సామాజిక మాధ్యమాల్లో 13 ఏళ్ళ నిబంధన ఉంది. దాని మూలం అమెరికాలో 1998లో చేసిన ఒక చట్టం. పదమూడేళ్ళ లోపు పిల్లల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని అది సంస్థలను కట్టడి చేసింది. అంటే పదమూడో పుట్టినరోజున మనసు పరిపక్వమవుతుందని ఎవరూ కొలిచి చెప్పలేదు. అబద్ధం వల్ల నష్టం ఇంకో చోట ఉంది. ఇరవై ఏళ్ళని చెబితే ఆ యాప్ మిమ్మల్ని పెద్దవాళ్ళ లెక్కలో వేస్తుంది. పిల్లల ఖాతాలకు కొత్త పెద్దవాళ్ళు సందేశాలు పంపకుండా కొన్ని యాప్‌లు అడ్డుగోడ కడతాయి. మీరు చెప్పిన సంవత్సరమే ఆ గోడను మీ చుట్టూ లేకుండా చేస్తుంది.

తోటివాళ్ళ ఒత్తిడి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఏతాను కష్టాలకు తలుపు తెరిచింది అదే. "కొంచెం ధైర్యం ఉంటే సరిపోయేది" అని రాసిన చిన్నారికి నా మాట: అది అంత సులువు కాదమ్మా. 1950ల మొదట్లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశాడు. కార్డు మీద కొన్ని గీతలు చూపించి, వీటిలో ఏది ఈ గీతంత పొడవుందో చెప్పమన్నాడు. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగే ప్రశ్న. అయితే గదిలో ఒక్కరు తప్ప మిగిలినవాళ్ళంతా ముందే మాట్లాడుకుని, కావాలని తప్పు జవాబు చెప్పారు. ఆ ఒక్క విద్యార్థి ఏం చేస్తాడన్నదే పరీక్ష. దాదాపు ముప్పావు వంతు మంది కనీసం ఒక్కసారైనా తమ కళ్ళను కాదని గుంపు మాటే చెప్పారు. అయితే అందులో నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. గదిలో ఇంకొక్కరు నిజం చెబితే చాలు, గుంపు ప్రభావం నాలుగో వంతుకు పడిపోయింది. ఒక్కరే!

దానియేలును తలచుకోండి. రాజు భోజనం వద్దన్నప్పుడు అతను ఒక్కడే లేడు. హనన్యా, మిషాయేలు, అజర్యా పక్కనే ఉన్నారు. పెద్దయ్యాక ఒంటరిగా సింహాల గుహలోకి వెళ్ళిన మనిషి, కుర్రతనంలో నలుగురిలో ఒకడిగా నిలబడ్డాడు. దీనికి పూర్తిగా ఎదురు కథ రెహబాము రాజుది. పెద్దల సలహా పక్కన పెట్టి, తనతో కలిసి పెరిగిన యువకులు చెప్పినట్లు ప్రజలతో కఠినంగా మాట్లాడాడు. పది గోత్రాలు అతన్ని విడిచి వెళ్ళిపోయాయి. అతనికీ స్నేహితులు ఉన్నారు, కానీ నిజం చెప్పే ఒక్కరు లేరు.

గ్రూపులోని ఆ అమ్మాయి విషయానికి వస్తాను. "ఏతాను ఫోటో మార్చలేదు కదా, నవ్వే బొమ్మ ఒక్కటే కదా పెట్టాడు" అని మీరు అతన్ని వెనకేసుకొచ్చారు. ఆ అమ్మాయి వైపు నుంచి చూడండి. ఫోటో మార్చినవాడు ఒక్కడు. నవ్వినవాళ్ళు ఎంతమందో అంకెతో సహా ఆమెకు కనిపిస్తోంది. ఒక్కొక్కరి పేరూ కనిపిస్తోంది. చెడు చేయడానికి సమూహం వెంట వెళ్ళవద్దని నిర్గమకాండము 23వ అధ్యాయంలో దేవుడు ఆజ్ఞ ఇచ్చాడు. చెడు మొదలుపెట్టినవాడికి మాత్రమే చెప్పిన మాట కాదది, వెంట నడిచేవాళ్ళ కోసం చెప్పిన మాట. గ్రూపులో అందరి ముందు ఎదిరించే ధైర్యం లేకపోతే, ఆమెకు విడిగా "నేను చూశాను. వాళ్ళు చేసింది తప్పు. నేను నీ పక్షాన ఉన్నాను" అని రాయవచ్చు. ఆష్ గదిలోని ఆ ఇంకొక్కరు మీరే అవుతారు. ఒక జాగ్రత్త మాత్రం మరచిపోవద్దు. ఆ ఫోటో సిగ్గుపరిచేలాంటిది అయితే సాయం కోసం కూడా దాన్ని ఎవరికీ పంపవద్దు. మీ ఫోనులోనే పెద్దవాళ్ళకు చూపించండి. పిల్లల అలాంటి ఫోటోలు పంపడం చాలా దేశాల్లో నేరం.

ఇప్పుడు మీకా సంగతి.

అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయంలో ఒక కుర్రాడున్నాడు. పేరు కూడా రాయలేదు, పౌలు మేనల్లుడు అని మాత్రమే ఉంది. పౌలును చంపేవరకు అన్నపానాలు ముట్టమని నలభైమందికి పైగా ఒట్టు పెట్టుకున్నారు. వాళ్ళు పొంచి ఉన్న సంగతి ఈ కుర్రాడి చెవిన పడింది. "పెద్దల గొడవ నాకెందుకు" అనుకోలేదు. కోటలోకి వెళ్ళి పౌలుకు చెప్పాడు. పౌలు అతన్ని సహస్రాధిపతి, అంటే అక్కడి రోమా సైనికాధికారి, దగ్గరకు పంపించాడు. ఆ అధికారి ఏం చేశాడో నేను ఎన్నిసార్లు చదివినా నా మనసు కరుగుతుంది. కుర్రాడి చెయ్యి పట్టుకుని, పక్కకు తీసుకువెళ్ళి, ఏం చెప్పాలనుకుంటున్నావని ఒంటరిగా అడిగాడు. నవ్వలేదు, కసరలేదు. విని, ఆ రాత్రే 200 మంది సైనికులను, 70 మంది గుర్రపు రౌతులను, 200 మంది ఈటెలవారిని ఇచ్చి పౌలును కైసరయకు పంపే ఏర్పాటు చేశాడు.

అదే చోట ఇంకో మాట ఉంది. నువ్వు నాకు చెప్పినట్లు ఎవరితోనూ అనవద్దని ఆ అధికారి కుర్రాడిని హెచ్చరించాడు. అంటే రహస్యాలన్నీ చెడ్డవి కావు. ఒకరి ప్రాణం కాపాడే రహస్యం ఉంది, ఒకరి ప్రాణం తీసే రహస్యం ఉంది. పొంచి ఉన్నవాళ్ళు కోరుకున్నదీ రహస్యమే. ఏతానును బెదిరించినవాడు కోరుకున్నదీ అదే. ఆ రహస్యాన్ని మీకా దాచిపెడితే ఎవరి పక్షాన నిలిచినట్లు? ఏతాను పక్షాన మాత్రం కాదు. తోటివాడికి దెబ్బలు పడాలని మోసేవి చాడీలు. తోటివాడిని గోతిలో నుంచి బయటికి లాగడానికి చెప్పే మాట చాడీ కాదు. మీకాకు ఏతాను మీద కోపం లేదు, పైగా స్నేహం పోతుందేమోనని భయం ఉంది. ఆ భయంతోనే, వణుకుతూనే వెళ్ళి చెప్పాడు. నేను రాసిన పిల్లలందరిలో నాకు మీకా అంటేనే గౌరవం ఎక్కువ.

"ఏతాను ప్రార్థన చేశాడు కదా, అది చాలదా?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. యెరూషలేము గోడ కట్టేటప్పుడు శత్రువులు కుట్ర పన్నితే నెహెమ్యా ప్రజలు దేవునికి ప్రార్థన చేశారు, రాత్రింబవళ్ళు కావలి కూడా పెట్టారు. రెండూ చేశారు. ఏతాను ప్రార్థనకు దేవుడు పంపిన జవాబు మీకాయే అని నేను నమ్ముతున్నాను.

ఏతాను నాన్న ఎందుకు కొట్టలేదని కూడా అడిగారు. కథను అలా రాయడానికి నాకు కారణం ఉంది. దెబ్బలతో ముగిసే కథ చదివితే, నిజంగా ఆ వలలో ఉన్న పిల్లవాడు పుస్తకం మూసి ఇంకా లోతుగా దాక్కుంటాడు. ఏదెనులో ఆదాము భయపడి దాక్కున్నప్పుడు దేవుడు ముందు అడిగిన ప్రశ్న "నీవు ఎక్కడ ఉన్నావు?" అని. తప్పు గురించిన ప్రశ్న తర్వాత వచ్చింది. ఏతాను చెప్పిన అబద్ధం గురించి కూడా వాళ్ళింట్లో మాట్లాడుకున్నారు, కానీ ఆ రాత్రి కాదు. ఆ రాత్రి చేయవలసిన పనులు వేరే ఉన్నాయి. బెదిరించినవాడికి డబ్బు పంపలేదు, ఎందుకంటే ఒకసారి ఇస్తే మళ్ళీ అడుగుతారు. సందేశాలు చెరిపివేయలేదు, అవే సాక్ష్యం. వాటికి స్క్రీన్‌షాట్లు తీసి, ఆ ఖాతా మీద ఫిర్యాదు చేసి, దాన్ని బ్లాక్ చేసి, పోలీసుల దగ్గరకు వెళ్ళారు. పద్దెనిమిదేళ్ళ లోపు తీసిన అలాంటి ఫోటోలు వ్యాపించకుండా ఆపడానికి "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ఉంది. అమెరికాలో పిల్లల రక్షణ కోసం పనిచేసే ఒక సంస్థ దాన్ని నడుపుతోంది. పేరు చెప్పనక్కరలేదు, ఫోటో మీ ఫోను దాటి వెళ్ళదు. ఆ ఫోటోకు డిజిటల్ వేలిముద్ర లాంటి ఒక గుర్తు తయారై, అందులో చేరిన సంస్థలకు మాత్రం అందుతుంది. అన్ని యాప్‌లూ అందులో లేవు, అయినా ఉన్నంతలో అది పెద్ద సాయం.

మీ ఇంట్లో అందరూ ఏతాను నాన్నలా ఉండకపోవచ్చు. వినగానే కోపం రావచ్చు, ఫోను లాక్కోవచ్చు. "నాకు భయంగా ఉంది, ముందు పూర్తిగా విను" అని మొదలుపెట్టండి. నోట మాట రాకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. మొదట చెప్పినవాళ్ళు పట్టించుకోకపోతే పిన్నికి, తాతయ్యకు, టీచరుకు, సండే స్కూలు అక్కకు, ఎవరో ఒకరు వినేదాకా చెప్పండి. పౌలు మేనల్లుడు కూడా అదే సంగతి ఇద్దరికి చెప్పాడు.

తర్వాతి కథ ఆ గ్రూపులోని అమ్మాయి వైపు నుంచి రాయడం మొదలుపెట్టాను. ఆమెకు ఏ మాట ఊరటనిచ్చి ఉంటుందో మీకు తోచింది రాసి పంపండి. మీ బడి పేరు, స్నేహితుల పేర్లు, ఫోటోలు వద్దు. పంపేముందు మీ ఉత్తరం ఇంట్లో ఒకరికి చూపించండి.

ప్రేమతో,
మీ కథల అమ్మమ్మ