వారం వాయిదాల వివాదం: 2006లో విప్పకుండా వదిలేసిన ముడి

పేద ఆడవాళ్లకు హామీ లేకుండా చిన్న అప్పులిచ్చి వారం వారం కట్టించుకునే మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ల గొడవ మళ్లీ రాజుకుంది. ఇంటి గుమ్మంలో వసూలు కూడదన్న 2010 నాటి రాష్ట్ర చట్టం తమకు అండగా ఉందని మహిళా సంఘాలు అంటున్నాయి. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన తమకు ఆ చట్టంతో పని లేదని కంపెనీలు అంటున్నాయి. ఈ రెండు వాదాల మధ్య నలుగుతున్నది విజయవాడ వన్‌టౌన్‌లోనూ గుంటూరు ఆనందపేటలోనూ ఇంటి వరండానే దుకాణంగా చేసుకుని బతికే ఆడవాళ్లు.

సారా వ్యతిరేక పోరాటం, పొదుపు సంఘాల పుట్టుక, డ్వాక్రా పేరు ఎన్నికల సభల్లో మారుమోగిన తీరు అందరికీ తెలిసినవే కాబట్టి ఇక్కడ వదిలేద్దాం. ఈ వివాదం మీద మాట్లాడేవారు ఎక్కువగా ఆ చట్టానికి ముందు వచ్చిన 2010 అక్టోబరు ఆర్డినెన్సుతో మొదలుపెడతారు. అది పర్యవసానమే. అసలు మలుపు అంతకు నాలుగున్నరేళ్ల ముందు కృష్ణా జిల్లాలో వచ్చింది.

2006 మార్చిలో జిల్లా అధికారులు స్పందన, షేర్ అనే మైక్రోఫైనాన్స్ సంస్థలకు చెందిన సుమారు 50 శాఖలను మూయించారు. వడ్డీ తెలియకుండా గుంజుతున్నారని, ఖాళీ ప్రామిసరీ నోట్ల మీద సంతకాలు పెట్టించుకుంటున్నారని, వాయిదా తప్పితే గుమ్మం ముందు కూర్చుని కదలడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. అవమానం తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారన్న ఆరోపణలూ వచ్చాయి. దేశంలో మైక్రోఫైనాన్స్‌కు తగిలిన తొలి పెద్ద దెబ్బ అదే.

ఆ దెబ్బ తిన్న సంస్థల్లో ఒకటి మన పక్క ఊరిదే. స్పందన 1998లో గుంటూరులో పుట్టింది, అదీ సొసైటీగా. వ్యవస్థాపకురాలు పద్మజారెడ్డి అంతకుముందు ఇక్కడే స్వచ్ఛంద సేవారంగంలో పనిచేశారు. పేద ఆడవాళ్లకు హామీ అడగకుండా అప్పు ఇవ్వాలన్నది నాటి ఉద్దేశం. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. పైగా ఆనాటికి పట్టణాల్లో ఆ పని చేసేవారు దాదాపు లేరు. 1982లో మొదలైన డ్వాక్రా (గ్రామీణ ప్రాంతాల్లో మహిళా శిశు అభివృద్ధి) పేరులోనే ‘గ్రామీణ’ ఉంది. పట్టణ మహిళల కోసం డ్వాకువా అనే పథకం 1997 డిసెంబరులో గానీ రాలేదు. పట్టణ పేదల కోసం మెప్మా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది 2007లో. ఈ పదేళ్ల ఖాళీలోకే వారం వాయిదాల అప్పు బస్తీలకు వచ్చి పడింది.

ఈ ఖాళీ అందరికీ ఒకే రకంగా తగల్లేదు. రాష్ట్రంలో ముస్లింలు జనాభా సగటు కంటే ఎక్కువగా పట్టణాల్లోనే ఉంటారు. పల్లెలో అల్లుకున్న సంఘాల వల వారిలో చాలామందికి అందనే లేదు. బ్యాంకుల సంగతి మరీ అన్యాయం. ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలను కొన్ని బ్యాంకులు ‘రెడ్ జోన్’లుగా పక్కన పెట్టినట్లు సమాచారం ఉందని, ముస్లింల స్థితిగతులపై కేంద్రం వేసిన సచార్ కమిటీ తన నివేదికలో రాసింది. ఆ నివేదిక వచ్చింది 2006 నవంబరులో, కృష్ణా జిల్లాలో శాఖలు మూతపడిన ఏడాదే. ఒకే ఏడాదిలో రెండు సంగతులు బయటపడినా రెంటినీ కలిపి చూసినవారు తక్కువ. బ్యాంకు రానన్న వీధికే వారం వాయిదా వచ్చింది.

వచ్చిన అప్పు ఎలాంటిది? ఆ రోజుల్లో 15 శాతం ‘ఫ్లాట్’ వడ్డీ అని చెప్పేవారు. పదివేలు తీసుకుంటే 11,500 కట్టాలి. 50 వారాలకు పంచితే వారానికి 230 రూపాయలు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అసలు వారం వారం తగ్గిపోతున్నా వడ్డీ మాత్రం మొదటి పదివేల మీదే లెక్కవేస్తారు. సగటున ఆమె చేతిలో ఉన్న సొమ్ము అయిదు వేల చిల్లర. ఆ లెక్కన నిజంగా పడే వడ్డీ 30 శాతానికి దగ్గర. అదే సమయంలో ప్రభుత్వం 2004 నుంచి సంఘాలకు పావలా వడ్డీ, అంటే ఏడాదికి 3 శాతం, అమలు చేస్తూ ఉండేది.

వడ్డీ కంటే పెద్ద చిక్కు వాయిదాది. విజయవాడ వించిపేటలో నైటీలు, లంగాలు కుట్టే ఆమె పని ఎలా నడుస్తుందో చూడండి. వస్త్రలత బట్టల మార్కెట్‌లోని టోకు వ్యాపారి గుడ్డ ఇస్తాడు, పీసుకు ఇంత అని కూలి కడతాడు, డబ్బు మాత్రం సరుకు అమ్ముడయ్యాక ఇస్తాడు. దారం, బొత్తాలు, మిషన్ రిపేరు, కరెంటు బిల్లు ఆమెవే. రంజాన్‌కూ సంక్రాంతికీ ముందు రాత్రి పన్నెండు దాకా మిషన్ ఆగదు. ఆ తర్వాత వారాల తరబడి పని ఉండదు. ఆమెకు పండగకు రెండు నెలల ముందు పెట్టుబడి కావాలి, పండగ దాటాక తీర్చే వెసులుబాటు కావాలి. ఆమెకు దొరికిన అప్పు మాత్రం తీసుకున్న మరుసటి వారం నుంచే తిరిగి అడుగుతుంది. ఒకరికొకరు పూచీగా ఉండే అయిదుగురి బృందానికే ఈ అప్పు ఇస్తారు కాబట్టి, ఆమె కట్టలేకపోతే మిగతా నలుగురు కట్టాలి. వాళ్లూ అదే వీధిలో అదే పని చేసేవాళ్లు, వాళ్లకూ అదే వారం పని లేదు. అందుకే ఒక కంపెనీ వాయిదా కోసం రెండో కంపెనీ దగ్గర, రెండో దాని కోసం మూడో దాని దగ్గర అప్పు చేయడం మొదలైంది. దీన్ని ఆడవాళ్ల దుబారా అన్నవాళ్లు వస్త్రలత లెక్కల పుస్తకం ఎప్పుడూ తెరిచి చూసి ఉండరు.

ఇలా ఎందుకు తయారైంది? 2000 దశకం మొదట్లో బ్యాంకులు ఈ సంస్థలకు టోకున డబ్బు ఇవ్వడం మొదలుపెట్టాయి. సొసైటీలు ఫైనాన్స్ కంపెనీలయ్యాయి. వాటాదారులు వచ్చారు. వాటాదారుడికి కావలసింది 50 వారాలూ తప్పని వసూలు. పండగ దాకా ఆగే అప్పు ఆ లెక్కలో ఇమడదు. సామాజిక సంస్థ అనే మాట ప్రచార పత్రంలో మిగిలింది.

2006 గొడవ ఈ ప్రశ్న అడగడానికి దొరికిన అవకాశం. ఎవరూ అడగలేదు. వడ్డీ తగ్గిస్తామని, ప్రవర్తనా నియమావళి పాటిస్తామని కంపెనీలు మాట ఇచ్చాయి, రాజీ కుదిరింది. వాయిదా వ్యవధి మీద గానీ, ఒకే ఇంటికి ఎన్ని అప్పులన్న దాని మీద గానీ చట్టం రాలేదు.

మిగతాది అందరికీ గుర్తుంది. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ అనే పెద్ద మైక్రోఫైనాన్స్ కంపెనీ షేరు 985 రూపాయల ఇష్యూ ధరతో మార్కెట్‌కు వచ్చింది. అక్టోబరు 15న ఆర్డినెన్సు వచ్చింది, ఆ తర్వాత అదే చట్టమైంది. ఇంటి గుమ్మంలో వసూలు కూడదు, పంచాయతీ కార్యాలయం లాంటి చోటనే కట్టించుకోవాలి. వారానికి బదులు నెల వాయిదాలు. వడ్డీ మొత్తం అసలును దాటకూడదు. సంఘ సభ్యురాలికి బ్యాంకు అప్పు ఉంటే అధికారి అనుమతి లేకుండా మరొకటి ఇవ్వకూడదు. వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి.

కంపెనీల వాదన కూడా ఉంది. 2006లోనూ 2010లోనూ ప్రభుత్వం తన సొంత సంఘాల కార్యక్రమానికి పోటీ లేకుండా చేసుకోవడానికే తమ మీద పడిందని, తాము తప్పుకున్నాక పేదలు మళ్లీ వడ్డీ వ్యాపారుల పాలయ్యారని అవి అంటాయి. రెండో మాటలో నిజం ఉంది. దానికి సాక్ష్యం విజయవాడే. 2015 డిసెంబరులో ఇక్కడ కాల్‌మనీ బాగోతం బయటపడింది. ఫోను చేస్తే అప్పు, ఖాళీ చెక్కులు, ఇంటి కాగితాలు, చివరికి ఆడవాళ్లపై లైంగిక వేధింపులు. రోజువారీ ఫైనాన్స్‌లో ముందే 1,500 కోసుకుని 8,500 చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తే ఏడాది లెక్కన వడ్డీ నూరు శాతం దాటుతుంది. అయితే అదే కాలంలో కంపెనీల గతి ఏమిటన్నది కూడా చూడాలి. 2011లో బ్యాంకులు స్పందన బకాయిలను పునర్వ్యవస్థీకరించాయి, అంటే తీర్చే గడువూ షరతులూ మార్చాయి. 2019 ఆగస్టుకల్లా ఆ కంపెనీ స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. నైటీలు కుట్టే ఆమె అప్పుకు గడువు పెంచిన బ్యాంకు లేదు.

2010 తర్వాత వచ్చిన ప్రత్యామ్నాయాల్లో చెప్పుకోదగ్గది స్త్రీనిధి. 2011లో సంఘాల సమాఖ్యలూ ప్రభుత్వమూ వాటాదారులుగా ఏర్పడిన ఈ సహకార సంస్థ, అడిగిన 48 గంటల్లో అప్పు ఇవ్వాలన్న లక్ష్యంతో మొదలైంది. లాభం వస్తే సభ్యులదే. సామాజిక సంస్థ అనే మాటకు ఈ రాష్ట్రంలో దగ్గరగా వచ్చింది ఇదే. కానీ సంఘంలో పేరు ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. అద్దె ఇల్లు ఏడాదికోసారి మారే కుటుంబాలు ఏ సంఘంలోనూ స్థిరపడలేవు. వడ్డీ ముట్టకూడదన్న మత నియమం పాటించేవారి కోసం వడ్డీలేని పరస్పర సహాయ సంఘాలు పెట్టుకునే వీలు 1995 నాటి సహకార చట్టంలో ఉంది. వాటికి పెట్టుబడి ఎక్కడినుంచి వస్తుందన్నది మాత్రం ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు.

పైమెట్టు పథకాలు మరోలా ఉన్నాయి. 2016 నుంచి 2025 దాకా నడిచిన కేంద్ర రుణ పథకం స్టాండప్ ఇండియా 10 లక్షల దగ్గర మొదలయ్యేది. ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ వర్తించేది, మైనారిటీ అన్న వర్గమే అందులో లేదు. ముస్లిం మహిళ మహిళగానే దరఖాస్తు చేసుకోవాల్సి వచ్చేది. విజయవాడ దగ్గర సూరంపల్లిలో మహిళా పారిశ్రామికవేత్తల సంఘమైన అలీప్ పెట్టిన మహిళా పారిశ్రామిక పార్కు ఉంది. ప్లాటు తీసుకుని షెడ్డు వేసుకోగల వారికి అది మంచిదే. చిన్న వ్యాపారాలకు కేంద్ర ముద్ర పథకంలో ఇచ్చే 50 వేల లోపు ‘శిశు’ రుణానికి హామీ అక్కర్లేదు, కానీ వ్యాపార చిరునామా కావాలి. చిరునామా భర్త పేరునో ఇంటి యజమాని పేరునో ఉంటుంది.

ఇక నేటి తగాదా. రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు రిజర్వు బ్యాంకు నియంత్రణలోని ఫైనాన్స్ కంపెనీలకు వర్తించవని కేరళ, గుజరాత్ కేసుల్లో సుప్రీంకోర్టు 2022 మేలో చెప్పింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు అదే దారిలో 2010 చట్టం ఆ కంపెనీలకు వర్తించదంది. కంపెనీలు ఇప్పుడు చూపిస్తున్నది 2022 ఏప్రిల్ నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనలను. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు, వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి. కాకపోతే వరుసగా రెండుసార్లు ఆ చోటికి రాకపోతే ఇంటికి వెళ్లవచ్చు. 2010 చట్టం మూసిన గుమ్మం అలా మళ్లీ తెరుచుకుంది. వడ్డీకి ఉన్న గరిష్ఠ పరిమితి తొలగిపోయింది. కుటుంబ నెల ఆదాయంలో సగానికి మించి వాయిదాలు ఉండకూడదన్న నిబంధన ఒక్కటే గట్టి కంచె. పీసు కూలి మీద బతికే ఇంట్లో పండగ నెల ఆదాయం వేరు, ఖాళీ నెల ఆదాయం వేరు. కాగితం మీద ఏ నెల అంకె వేయాలన్నది అప్పు ఇవ్వడానికి వచ్చిన ఉద్యోగి చేతిలో ఉంది. ఆయనకూ ఆ నెల ఇన్ని అప్పులు ఇప్పించాలన్న లక్ష్యం ఉంటుంది.